ఏడో నంబరు పూలతొట్టి

బుసలవాగు క్యాంపులో పడవ ముట్టుకోవాలంటే ముందు కామయ్యకి మూడు జవాబులు చెప్పాలి. బరువెంత, పాదమెంత, భయమెంత. తొమ్మిదేళ్ళుగా అదే వరస. మొదటిదానికి అందరూ అబద్ధం చెబుతారు. రెండోదానికి వంగి, చెప్పు అడుగున అంకె చూసి చెబుతారు. మూడోదానికి నవ్వుతారు. ఆ నవ్వు ఎంతసేపు నిలబడిందో చూసి కామయ్య పడవ తీసిచ్చేవాడు.

పెమ్మాడి కామయ్య జలసాహస క్రీడల సంస్థలో కయాక్ శిక్షకుడు. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే ప్లాస్టిక్ పడవ. నడుం దాకా అందులో దూరి, కాళ్ళు ముందుకి చాపి, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకోవాలి. దాన్ని ఎక్కడం అనరు కామయ్య భాషలో. తొడుక్కోవడం అంటారు. బిగుతైతే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, వదులైతే మనిషొక దారీ పడవొక దారీ.

ఆ మన్యంలో క్యాంపు చుట్టుపట్ల నీళ్ళు మూడు రకాలు. పెద్దేరు వెడల్పు, ఇల్లంత అలలు. దానికి పొడుగ్గా సాగిపోయే కోల పడవ. ఊయలమడుగులో ఒకటే అల, కదలకుండా అక్కడే లేస్తూ ఉంటుంది. దానిమీద పిల్లిమొగ్గలు వెయ్యడానికి పొట్టిగా, పల్చటి ముక్కున్న చిటికె పడవ. ఇక బుసలవాగు. అది పారదు, బండ మీంచి బండ మీదికి దూకుతుంది. దానికి బొర్ర కడుపూ ఎత్తు ముక్కూ ఉన్న పొట్ట పడవ కావాలి. నీళ్ళతోపాటు గుండంలో పడి మునిగినా, గుటుక్కున పైకి తేలుతుంది.

సంస్థవారి పొట్ట పడవల్లో ఏడో నంబరుది కామయ్యది. ఆస్తి సంస్థది, ప్రాణం కామయ్యది. దాని పేరు బొండాం. ఎర్ర రంగు వెలిసి తమలపాకు నమిలిన నోరులా అయింది. ఎక్కడ చిల్లుపడితే అక్కడ నీలం బకెట్టు ముక్క కరిగించి అతికించాడు. అలాంటి అతుకులు పదమూడు. ఆ పడవ తోక పట్టుకుని ఒడ్డుకొచ్చి బతికినవాళ్ళు పంతొమ్మిది మంది. వాళ్ళ పేర్లు కామయ్యకి వచ్చు. మిగతా విషయాల్లో ఏడో తరగతితోనే చదువు ఆగిపోయింది. లెక్కల మేష్టారు సగటు తియ్యడం చెబుతుంటే, ముగ్గురు మనుషుల సగటు మనిషి ఎక్కడుంటాడండీ అని అడిగి తన్నులు తిని బడి మానేశాడు. సగటు వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళై కమిటీల్లో చేరారు.

ఆ ఏడాది వేసవిలో తణుకు నించి బట్టల షాపు నూకరాజు గారు బావమరిదిని వెంటేసుకుని దిగారు.

"బరువెంతండి?"

"తొంభై."

కామయ్య ఆయన మొహం చూడలేదు. ఆయన నిలబడ్డ ఇసక చూశాడు. మడమలు దిగిపోయున్నాయి. "నూటఐదు రాసుకుంటానండి."

"నీకెవడు చెప్పాడయ్యా?"

"ఇసక చెప్పిందండి. పాదం?"

"పది."

"భయమెంతండి?"

నూకరాజు గారు కొండ మారుమోగేలా నవ్వారు. "మా ఇంటావంటా భయమన్న మాట లేదయ్యా!"

"ఉంది బావా," అన్నాడు పక్కనించి బావమరిది. "మా అక్కంటే."

నవ్వు మధ్యలో తెగింది. కామయ్య చూశాడు, చక్కా పోయి బొండానికి అన్నలాంటి పెద్ద పొట్ట పడవ తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఇది మీదండి. ఇవ్వాళ వాగు జోలికి పోం, మడుగులోనే," అన్నాడు. నలభై ఎనిమిది కేజీల బావమరిదికి సన్నటిది ఇచ్చాడు.

"వాడికి నాజూకుదిచ్చి నాకు గంగాళం ఇచ్చావేంటయ్యా?"

"తవరి షాపులో అందరికీ ఒకటే సైజు చొక్కా అమ్ముతారాండి?"

"అమ్మితే తంతారు!"

"ఆయ్. ఇక్కడైతే ఏరు తంతదండి."

నూకరాజు గారికి ఆ మాట బాగా నచ్చింది. సాయంత్రం తడిసి ముద్దై ఒడ్డెక్కి, మళ్ళీ ఏడు మళ్ళీ వస్తానని ఒట్టేసి వెళ్ళారు.

ఆయన అలా వెళ్ళగానే పై ఆఫీసుకి కొత్త ఎండీ గారు ఇలా వచ్చారు. పేరు దివాకర వర్ధన్. ఆయనకి ఏకరూపత అంటే ప్రాణం. అంతకుముందు పనిచేసిన చోట అన్ని ఆఫీసుల గోడ గడియారాలూ ఒకే టైము చూపించేలా చేశారని పేరు. ఆ టైము తప్పే, కానీ అన్నిట్లోనూ ఒకటే తప్పు. ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపలేని పరిపాలన.

ఆయన సంస్థ రికార్డులు తిరగేసి ఒక్క ప్రశ్న వేశారు. "పడవ ఒకటే వస్తువైనప్పుడు మూడు ఆకారాలెందుకు?" దానికి జవాబు కనుక్కోడానికి కమిటీ పడింది. నలుగురు సభ్యులు. ఒకాయన గిడ్డంగుల్లో రిటైరైనాయన, ఒకాయన చేనేత నించి, ఒకావిడ గణాంకాల నించి, నాలుగో ఆయన ఎక్కణ్ణించో ఆయనకీ గుర్తులేదు. నలుగురికీ ఈత రాదు. ఈత వచ్చినవాళ్ళకి నీళ్ళమీద పక్షపాతం ఉంటుందని వాళ్ళని కావాలనే తీసుకోలేదు.

కామయ్యని క్షేత్ర నిపుణుడి హోదాలో పిలిచి, తలుపు పక్కన కుర్చీ వేసి, టీ ఇచ్చారు. అతను టీ తాగి, లేచి నిలబడి, మనిషిని బట్టి పడవ, ఏటిని బట్టి పడవ అని పావుగంట చెప్పాడు. చేతులతో అలలు కూడా చూపించాడు.

"మీ అభిప్రాయాన్ని కమిటీ సానుకూలంగా పరిగణనలోకి తీసుకుంది," అంది గణాంకాల ఆవిడ. "మూడు పడవలకీ న్యాయం జరగాలి. అందుచేత మూడింటి పొడుగూ వెడల్పూ కూడి మూడుతో భాగిద్దాం."

"అమ్మగారూ, అలా చేస్తే అది మూడిట్లో ఏదీ అవదండి."

"అదే కదా నిష్పాక్షికత."

"మరి మనిషి బరువండి?"

దానికీ ఏర్పాటు ఉంది. ఆరోజు ఆఫీసులో దొరికినవాళ్ళందర్నీ, లిఫ్టు నడిపే ఆయన్నీ టీ తెచ్చినతన్నీ కలిపి, తూకం వేసి భాగించారు. డెబ్బై ఒకటి పాయింటు నాలుగు. పాయింటు తర్వాత అంకె రావడంతో అది శాస్త్రీయమని తేలిపోయింది. పాదం ఎనిమిది. చివరికి మూడు ఏరుల్నీ కలిపి భాగిస్తే ఒక ఏరు వచ్చింది. పదకొండు అడుగుల లోతు, ఓ మాదిరి వాలు, మధ్యరకం బండలు.

"ఈ ఏరు ఎక్కడుందండి?" అన్నాడు కామయ్య.

గిడ్డంగుల ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ప్రస్తుతానికి కాగితం మీద ఉంది. పడవ ముందు రానివ్వండి."

"మరి భయమండి? అది అడగలేదు."

"భయానికి కొలమానం నిర్ధారించబడలేదు," అంది గణాంకాల ఆవిడ విచారంగా. "కాబట్టి అది లేనట్టే లెక్క."

రెండు నెలల్లో లారీ దిగింది. నలభై పడవలు, ఆకుపచ్చ రంగు, ఒక్క అచ్చులో పోసినవి. వాటి పేరు ప్రామాణిక కయాక్. కోల పడవ పొడుగులో మూడోవంతు, చిటికె పడవ ముక్కులో మూడోవంతు, పొట్ట పడవ పొట్టలో మూడోవంతు. పాదం తన్నిపెట్టే పలక ఎనిమిదో నంబరు పాదం దగ్గర మేకు కొట్టినట్టు కూర్చుంది, జరగదు.

క్యాంపు మేనేజరు శేషశయనం గారికి వాటిని చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన చెడ్డవాడు కాదు. కాగితాన్ని తల్లిలా నమ్ముతాడు, అంతే. "చూశావా కామయ్యా, కవాతులా లేదూ?"

"ఒడ్డుమీద బానే ఉన్నాయండి."

నీళ్ళలో వేశారు. బక్కవాళ్ళు కూర్చుంటే గాలికి పేపరు పడవలా గిర్రున తిరిగాయి. బొద్దువాళ్ళు కూర్చుంటే ముక్కు నీళ్ళలో పెట్టి, ఏదో పారేసుకున్నట్టు అడుగున వెతకసాగాయి. పొడుగాయన ఒకాయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, బయటికి రాలేక, పడవతో సహా క్యాంటీనుకొచ్చి ఉప్మా తిన్నాడు. క్యాంటీను నడిపే పూనెం ముత్తమ్మ ఆయనకి వంగి వడ్డించి, "కామయ్యా, ఈయన్ని ఉడకబెట్టి తియ్యాలేమోరా," అంది.

కామయ్య పై ఆఫీసుకి కాగితం రాశాడు. పడవ బాలేదండి అని ఒకటే వాక్యం. పన్నెండు రోజులకి నాలుగు పేజీల జవాబొచ్చింది. శేషశయనం గారు నిలబడి చదివారు.

"'పడవ ఉన్నతాధికారులచే ఆమోదించబడినది. కావున లోపము పడవయందు ఉండుటకు వీలులేదు. అట్టి లోపము పడవలో కూర్చొను వ్యక్తియందు ఉన్నట్లు భావించవలెను. ప్రామాణిక బరువుకు తక్కువైన వారు లోటు బరువును ఇసుక మూటల రూపమున నడుమునకు కట్టుకొనవలెను.'"

"నడుముకి ఇసక కట్టి ఏట్లో వదలమంటారాండి!"

"ఉండవయ్యా, ఇంకా ఉంది. 'బరువు మించినవారు, మించిన భాగమును ఒడ్డున జమచేసి, రసీదు పొంది, అనంతరము పడవ ఎక్కవలెను.'"

ముత్తమ్మ గరిటె కింద పెట్టింది. "ఏ భాగమండీ?"

శేషశయనం గారు కాగితం ముందూ వెనకా చూశారు. "అది అభ్యర్థి ఇష్టానికి వదిలారు."

నాలుగో పేజీ ఆఖర్న అసలు సంగతి ఉంది. అది ఆయన గొంతు తగ్గించి చదివారు. ప్రామాణికం కాని పాత పడవలు ఇరవై రెండూ, మళ్ళీ వాడకుండా, సాక్షుల సమక్షంలో రంపంతో రెండేసి ముక్కలు చెయ్యాలి. ఒకటో నంబరు నించి వరసగా.

కామయ్య షెడ్డులోకి పోయి బొండాం పక్కన కూర్చుని, పదమూడు అతుకులూ వేలితో తడిమాడు.

రంపాల మేస్త్రీలు సోమవారం వచ్చారు. పొద్దుట ఒకటి నించి ఆరు దాకా కోశారు. ప్లాస్టిక్ పొడి బుసలవాగు ఒడ్డున హోలీ ఆడినట్టు ఎగిరింది. ఏడోదాని వంతు వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు.

స్టోర్సు గుమస్తా పరాంకుశం అంతసేపూ చెట్టు మొద్దుమీద కూర్చుని బొండాం వైపే చూస్తున్నాడు. అతను మాట్లాడ్డం తక్కువ. రిజిస్టర్లు ఇరవై ఏళ్ళు రాసినవాడికి మాటలమీద నమ్మకం పోతుంది. పరాంకుశం జరిగి కామయ్య పక్కన చేరి, గుసగుసగా, "ఆర్డర్లో ఏముంది? పడవల్ని కొయ్యమని ఉంది," అన్నాడు.

"ఉందండి."

"పడవంటే ఏంటో కూడా రాశారు. నీటిపై తేలుటకు ఉద్దేశించబడిన వస్తువు. ఎనిమిది తట్టల మట్టి పోసినది తేలుతుందా?"

"తేలదండి."

"అయితే అది పడవ కాదు. క్యాంపు సుందరీకరణ కింద ఏడు పూలతొట్లు పెట్టమని నిరుడు ఆర్డరొచ్చింది. పెట్టింది ఆరు."

కామయ్య అతని వంక చూశాడు. తర్వాత క్యాంటీను వంక చూశాడు. ముత్తమ్మ అప్పటికే విని, కొంగు బిగించింది. మేస్త్రీలకి ఆవిడ ఆరోజు పప్పు వేసింది, పులుసు పోసింది, మళ్ళీ పప్పు వేసింది, గారెలు ఇప్పుడే వేగుతున్నాయంది, గారెలయ్యాక పెరుగు తోడుకోవడానికి ఇంకో నిమిషం అంది. మేస్త్రీలు ఆకుల ముందే కునుకు తీశారు. ఆ లోపల కామయ్య మేనేజరు గారి గది ముందున్న బంతిమొక్కల్ని వేళ్ళతో సహా పెళ్ళగించుకొచ్చాడు. బొండాంలో వాగు ఒండ్రు మట్టి నింపి, మనిషి కూర్చునే కంతలో తొమ్మిది, ముక్కుమీది గుంటలో రెండు, మొత్తం పదకొండు మొక్కలు నాటి, గేటు పక్కన తొట్ల వరసలో చివర నిలబెట్టాడు.

మూడు గంటలకి శేషశయనం గారు జాబితా పట్టుకొచ్చారు. "ఏడో నంబరు ఏదయ్యా?"

"అదుగోనండి. ఏడో నంబరు తొట్టి."

ఆయన చాలాసేపు చూశారు. బంతిపూలు ఆయన గది ముందువే. పడవ బొండామే. నీలం బకెట్టు అతుకులు ఎండలో తళతళలాడుతున్నాయి. పరాంకుశం రిజిస్టరు విప్పి ఆయన ముక్కు ముందు పెట్టాడు. 'ఉద్యాన తొట్లు: ఏడు.' సిరా ఇంకా ఆరలేదు.

ఆయన మొహం విచ్చుకుంది. "హమ్మయ్య! ఈ ఏడో తొట్టి కోసం నాకు మూడు మెమోలొచ్చాయయ్యా!"

మేస్త్రీలు ఎనిమిదో నంబరు అందుకున్నారు.

అక్కణ్ణించి కామయ్య రోజూ పొద్దున్నే బొండానికి చెంబెడు నీళ్ళు పోసేవాడు. కళ్ళముందే వాగు దూకుతుంటే, దానికి చెంబుతో నీళ్ళు పొయ్యాల్సి రావడం చూసి ముత్తమ్మ కూడా వేళాకోళం చెయ్యలేదు. మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి.

ఇక ఏకరూప విధానం ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టారు. బుసలవాగులో ప్రామాణిక కయాక్‌లో స్వయంగా ఎండీ గారే దిగుతారని ప్రకటన వచ్చింది. ప్రామాణిక పడవకి ప్రామాణిక మనిషి కావాలి కదా, ఆయన రెండు నెలలు పథ్యం చేసి డెబ్బై తొమ్మిది నించి డెబ్బై ఒకటి పాయింటు నాలుగుకి దిగారు. ప్రారంభోత్సవం రోజు పొద్దున్న తూస్తే పాయింటు రెండు ఉన్నారు. కాన్వాయ్ ఆపి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగించి సరిచేశారు. కాలు ఏడున్నర. రెండు జతల మేజోళ్ళతో ఎనిమిది చేశారు.

"పడవ ప్రామాణికం, మనిషి ప్రామాణికం," అన్నారు శేషశయనం గారు చేతులు నలుపుకుంటూ. "మూడిట్లో రెండు లైనులోకొచ్చాయి. ఇంక వాగొక్కటే."

వాగుకీ ఆర్డరొచ్చింది. బండలన్నిటికీ నంబర్లు వేశారు. ఓ మాదిరి సైజుకి మించిన బండలు పద్నాలుగు తేలాయి. క్రేను దిగే దారి లేకపోవడంతో, తాత్కాలిక చర్యగా వాటిమీద రేకు బోర్డులు పాతారు. 'ఈ బండ ప్రామాణికేతరము. దీనితో సంస్థకు ఎట్టి సంబంధము లేదు.'

కామయ్య ఎండీ గారిని ఒడ్డున కలిశాడు. ఆయన మెడలో బంతిపూల దండ, నెత్తిన హెల్మెట్టు, చేతిలో తెడ్డు తలకిందులుగా.

"సార్, రాత్రి కొండమీద వాన పడింది. నీళ్ళు చిక్కబడ్డాయండి. ఈ పడవతో నీళ్ళు దూకే మొదటి దూకుడు దాటినా, పద్నాలుగో బండ దగ్గర ముక్కు లోపలికి పోద్దండి. ఊయలమడుగులో చేద్దాం సార్."

ఎండీ గారు అతని భుజం తట్టారు. "క్షేత్రస్థాయి సిబ్బందిలో ఇటువంటి సందేహాలు సహజం. విధానం స్పష్టంగా ఉన్నప్పుడు నీరు తప్పక సహకరిస్తుంది."

బ్యాండు మోగింది. శేషశయనం గారు పచ్చజెండా ఊపారు. ఎండీ గారు రెండు వైపులా నమస్కారాలు పెడుతూ మొదటి దూకుడు దిగారు. జనం చప్పట్లు కొట్టారు. రెండోది దిగేటప్పుడు ఆయన ఇంకా నమస్కారం పెడుతూనే ఉన్నారు, పడవ మాత్రం అడ్డం తిరిగింది. మూడో దూకుడులో మూడోవంతు ముక్కు నీళ్ళలోకి దిగింది, మూడోవంతు పొట్ట దాన్ని పైకి తేల్చలేకపోయింది, మూడోవంతు పొడుగు రెండు బండల మధ్య కరెక్టుగా ఇరుక్కుంది. ఆయన అందులోంచి ఊడి, కొట్టుకుపోయి, పద్నాలుగో బండమీది రేకు బోర్డుని కావలించుకుని ఆగారు. చుట్టూ నీళ్ళు బుసకొడుతున్నాయి. బ్యాండువాళ్ళకి ఆపమని ఎవరూ చెప్పలేదు, వాయిస్తూనే ఉన్నారు.

రక్షణ పడవలు రెండు పంపారు. అవీ ఆకుపచ్చవే, అవీ ఒకదాని వెనక ఒకటి అడ్డం తిరిగాయి. వాటిలోని కుర్రాళ్ళిద్దరూ ఈదుకుంటూ ఒడ్డెక్కారు. తాడు విసిరారు, అందలేదు. రేకు బోర్డు ఒక మేకు ఊడింది.

కామయ్య వాగు వైపు పరిగెత్తలేదు. గేటు వైపు పరిగెత్తాడు.

"కామయ్యా! ఏం చేస్తున్నావ్?" శేషశయనం గారు వెనకపడ్డారు. "అది తొట్టి! రిజిస్టర్లో తొట్టి! ఉద్యాన ఆస్తిని అనుమతి లేకుండా కదిపితే..."

"అడ్డు లెగండి బాబూ!" ముత్తమ్మ ఒక చివర పట్టింది. పరాంకుశం, జీవితంలో మొదటిసారి రిజిస్టరు కింద పడేసి, రెండో చివర పట్టాడు. ముగ్గురూ బొండాన్ని బోర్లించి కుదిపారు. ఎనిమిది తట్టల మట్టీ కుప్పగా జారింది. ముక్కులో ఇరుక్కున్న రెండు బంతిమొక్కలు మాత్రం వేళ్ళు పట్టేసుకుని రాలేదు. టైము లేదు. కామయ్య అలాగే తొడుక్కున్నాడు.

బొండాం నీళ్ళలో పడగానే ఒళ్ళు విరుచుకుంది. మొదటి దూకుడులో మునిగి గుటుక్కున లేచింది. రెండో దాంట్లో మునిగింది, లేచింది. మూడో దాంట్లో మునిగిపోయి, ముందు బంతిపూలు, వాటి వెనక కామయ్య నెత్తి, తర్వాత పడవ పైకొచ్చాయి. జనం ఈసారి చప్పట్లు కొట్టడం మర్చిపోయారు. కామయ్య పద్నాలుగో బండ వెనక నీళ్ళు నెమ్మదించే చోట పడవని నిలబెట్టాడు. ఎండీ గారి మొహం బోర్డు రేకులా పాలిపోయింది.

తొమ్మిదేళ్ళ అలవాటు. నోట్లోంచి అదే వచ్చింది.

"బరువెంతండి?"

"డెబ్బై ఒకటి పాయింటు నాలుగు!"

"పాదమండి?"

"ఎనిమిది!"

"భయమెంతండి?"

ఎండీ గారు నోరు తెరిచారు. విధానం, కొలమానం, పరిగణన, అన్నీ ఆ నోటి దాకా వచ్చి నీళ్ళతో కలిసి లోపలికి పోయాయి. బోర్డుకి రెండో మేకు ఊడింది. ఆయన చిన్నపిల్లాడిలా అన్నారు. "చాలా ఉందయ్యా కామయ్యా. చాలా."

"ఆయ్. సరిపోద్దండి. ఇంక గట్టిగా పట్టుకుంటారు. తోక పట్టుకోండి."

ఆయన బోర్డు వదిలి తోక పట్టుకున్నారు. బొండాం ఇరవయ్యో మనిషిని ఒడ్డుకి చేర్చింది.

మర్నాడు కామయ్యకి మెమో ఇచ్చారు. ఉద్యాన తొట్టిని అనుమతి లేకుండా వాగులో వాడినందుకు, తొమ్మిది మొక్కల మరణానికి కారణమైనందుకు, తగు చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలుపవలెను. తొట్టిని స్వాధీనం చేసుకుని పై ఆఫీసుకి పంపుతామని ఆఖరి వాక్యం. కామయ్యకి ఆ వాక్యం ఒక్కటే కనపడింది.

జవాబు పరాంకుశం చెప్పాడు, కామయ్య రాశాడు. 'మొక్కలకు నీరు పెట్టు నిమిత్తము తొట్టిని వాగు వద్దకు తీసుకుని వెళ్ళితిని. అచ్చట ఎండీ గారు ఎదురుపడిరి.'

పై ఆఫీసులో ఈ జవాబుని అటూ ఇటూ తిప్పి చూశారు. తప్పు దొరకలేదు. తొట్టి ఉన్నచోటే ఉండవచ్చుననీ, సదరు నీరు పెట్టు పద్ధతి వల్ల మిగిలిన రెండు మొక్కలు ఆరోగ్యంగా ఉన్నట్లు తేలినందున, రోజుకి ఒకసారి తప్పనిసరిగా అదే పద్ధతిలో నీరు పెట్టవలసిందనీ ఉత్తర్వులిచ్చారు. మొక్కలు రెండుకి తగ్గకూడదు. నెలనెలా తనిఖీ.

ప్రమాదం మీద అదే కమిటీ విచారణ జరిపింది. నివేదిక ఎనభై పేజీలు. ప్రామాణిక కయాక్ పనితీరు, మునగడం మినహా, సంతృప్తికరం. వాగు సహకారం శూన్యం. పూలతొట్టి పనితీరు అత్యుత్తమం. కావున ఇకపై నదీ ప్రయాణములకు పూలతొట్లనే వాడవలెను. ఎండీ గారు సంతకం పెట్టేముందు ఒక్క మార్పు మాత్రం సొంతంగా చేర్చారు. ఆయన బోర్డుని కావలించుకున్న ఆ పావుగంటలో నేర్చుకున్నది వృథా పోనివ్వలేదు. దరఖాస్తు ఫారంలో కొత్త గడి పెట్టించారు. 'భయము: కేజీలలో.'

మరుసటి వేసవికి నూకరాజు గారు ఒట్టు తప్పకుండా వచ్చారు, బావమరిదితో సహా. గేటు లోపల షెడ్డు నిండా ఆకుపచ్చ పడవలు. వాటిలో ముత్తమ్మ ఎండుమిరపకాయలు ఆరబోసింది. ఒడ్డున నలభై సిమెంటు తొట్లు, గుండ్రంగా, ఒకే సైజు, సున్నం కొట్టి నంబర్లేసి, నీళ్ళ వైపు తిరిగి వరసగా కూర్చున్నాయి. ఒక్కోదానికీ ఒక తెడ్డు ఆనించి ఉంది. అప్పుడే వాగు దూకి వచ్చిన కామయ్య బొండాన్ని భుజానికెత్తుకుని ఎదురొచ్చాడు. దాని ముక్కుమీద రెండు బంతిమొక్కలు తడిసి నవ్వుతున్నాయి.

"ఏంటయ్యా, పడవలో మొక్కలు పెట్టావ్?"

"ఇది పడవ కాదండి. పూలతొట్టి."

"మరి అవేంటి? ఆ సిమెంటు తొట్లు?"

"అవి పడవలండి."

నూకరాజు గారు అటు చూశారు, ఇటు చూశారు, బావమరిది వైపు చూశారు. బావమరిది అప్పటికే బస్సు టైము కనుక్కుంటున్నాడు.

కామయ్య ఫారం తీసి, చెవి మీది పెన్సిలు అందుకున్నాడు. "బరువెంతండి?"

"ఈసారి నిజం చెప్తానయ్యా. నూటఐదు."

"పాదం పదే కదండి. భయమెంతండి? ఇప్పుడు కేజీల్లో రాయాలండి."

నూకరాజు గారు వరసలో మొదటి తొట్టి దగ్గరకెళ్ళి, వంగి, వేలితో కొట్టి చూశారు. టంగుమంది. ఆయన ఈసారి నవ్వలేదు.

"నూటఐదు రాసుకో," అన్నారు. "మొత్తం అదే."